చెరువు నుంచి బోరు దాకా

తెలంగాణ, రాయలసీమల్లో నేల కింద ఉన్నది చాలాచోట్ల గట్టి రాయే. వాన నీరు పైనున్న మెత్తటి పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. కింద పెద్ద నిల్వేమీ లేదు, దాదాపు ఏ ఏటి వాన ఆ ఏటికే. అనంతపురంలో ఆ వాన సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది.

పాతకాలం వాళ్లు దీనికి చెరువులు తవ్వుకున్నారు. కాకతీయుల నాటి పాకాల, రామప్ప చెరువులు ఇప్పటికీ ఉన్నాయి. ఊళ్ల మధ్యేమో ఒకదాని అలుగు పారితే మరొకటి నిండే గొలుసుకట్టు చెరువులు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వరసగా చెప్పారు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని జరిగిందనీ చెక్కించారు.

చెరువులో నీళ్లెన్నో ఊరంతటికీ కనిపిస్తాయి. తక్కువుంటే ఆ ఏడు ఎంత నాటాలో కూర్చుని తేల్చుకోక తప్పదు. అదేదో ధర్మరాజ్యం అనుకోకండి. తూము దగ్గరి పొలాలు ఎవరివో, చివరి మళ్లు ఎవరివో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు.

పాత ఏర్పాట్లు పోయి చెరువు ప్రభుత్వ శాఖ చేతికి వెళ్లాక పూడిక తీసే దిక్కు లేకపోయింది. ఆపైన బోర్లు వేసే రిగ్గులొచ్చాయి. మోట ఎద్దుల ఓపిక కొద్దీ తోడేది, మోటారుకు ఆ బాధ లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం మోటారు కరెంటుకు హార్స్‌పవర్‌కు ఏటా 50 రూపాయల స్లాబు పెట్టింది. 2004 మే 14న వై.ఎస్. తొలి సంతకం ఉచిత కరెంటు మీదే. ఇలా బోర్లు వేసి తోడుకోవడాన్ని రైతు దురాశ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. డెల్టా రైతుకు ప్రభుత్వం కాలువ తవ్వి నీళ్లిచ్చింది, మెట్ట రైతు అప్పు చేసి తన బోరు తనే వేసుకున్నాడు. పక్కవాడు ఇంకో వంద అడుగులు లోతుకు దింపితే ఇతని బోరు ఎండింది. మళ్లీ అప్పు, మళ్లీ రిగ్గు.

2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం బోర్లకు అనుమతి తప్పనిసరి చేసింది. ఊళ్లలో దాన్ని పట్టించుకున్నది తక్కువ. దానికన్నా ఆసక్తికరమైన పని ఏడు కరవు జిల్లాల్లో జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో రైతులే వాన కొలిచారు, బోరులో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరూ నిషేధం పెట్టకుండానే చాలామంది వరి తగ్గించుకున్నారు.

తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువులు బాగుచేస్తామంది. 2018 జనవరి 1 నుంచి అదే ప్రభుత్వం సాగుకు 24 గంటల ఉచిత కరెంటూ ఇచ్చింది. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు తీసేయండని రైతులను బతిమాలాల్సి వచ్చిందీ ఆ ప్రభుత్వమే. 2020లో ఆంధ్రప్రదేశ్ పంపుసెట్లకు మీటర్లు పెడతామంటే పెద్ద గొడవైంది, తెలంగాణ ససేమిరా అంది. అంత గొడవలోనూ మాట్లాడుకున్నది బిల్లు గురించే, ఎన్ని నీళ్లు తోడుతున్నామన్నది పెద్దగా ఎవరూ ఎత్తలేదు.