పెద్దవాళ్లలో టిక్స్: మా ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను నల్లగొండలో క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేస్తున్నాను. కళ్లు టపటపా కొట్టుకోవడం, మెడ ఒక్కసారిగా ఎగరేయడం, భుజం కుదపడం, ముక్కు ఎగబీల్చడం, గొంతులోంచి పదే పదే ఏదో శబ్దం రావడం, వీటినే టిక్స్ అంటాం. పిల్లలకైతే అమ్మానాన్నలు తీసుకొస్తారు. ముప్పై, నలభై ఏళ్ల మనిషిని ఎవరూ పట్టుకురారు, తనంతట తానే రావాలి, చాలామంది రారు. వచ్చినవాళ్లు కూడా నిద్ర పట్టట్లేదనో గ్యాస్ అనో మొదలుపెట్టి, లేచి వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి "ఇంకోటి ఉంది మేడమ్" అంటారు. ఆ ఇంకోటి కోసమే ఈ పోస్టు.

అపోహ: అది దురలవాటు, గట్టిగా అనుకుంటే మానేయొచ్చు.

"ఏం రోగమొచ్చింది రా నీకు, ఊకె గట్ల మెడ తిప్పుతవ్" అని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లే వీళ్లంతా. టిక్ వచ్చే ముందు చాలామందికి ఆ చోట ఒక బిగుతో, దురదో, చెప్పలేని ఒత్తిడో వస్తుంది, టిక్ అయ్యాక క్షణం పాటు హాయిగా ఉంటుంది, మళ్లీ మొదలు. తుమ్ము ఆపుకున్నట్టు కాసేపు ఆపుకోగలరు, అందుకే చూసేవాళ్లు "ఆఫీసులో ఆపినోడివి ఇంట్లో ఎందుకు ఆపవు" అంటారు. ఆఫీసులో ఎనిమిది గంటలు బిగబట్టిన మనిషి ఇంటికొచ్చాక ఎంత అలిసిపోయి ఉంటాడో ఎవరూ అడగరు. ఇది మెదడు లోపలి బేసల్ గాంగ్లియా అనే భాగాలకూ పైపొరకూ మధ్య నడిచే వలయాల్లో తేడా, చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా కూడా కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో జిల్ ద లా టూరెట్ అనే డాక్టర్ 1885లోనే తొమ్మిది మంది పేషెంట్లతో దీన్ని వర్ణించాడు. ఒకటికి మించి కదలికల టిక్స్, కనీసం ఒక శబ్దపు టిక్, 18 ఏళ్ల లోపు మొదలై ఏడాదికి పైగా ఉంటే ఆయన పేరుతోనే టూరెట్ సిండ్రోమ్ అంటాం.

మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు గుమస్తా వచ్చేవారు. ఏళ్ల తరబడి గొంతు సవరించుకుంటూనే ఉన్నారు, ఊక దుమ్ము ఎలర్జీ అనుకుని దగ్గు సిరప్‌లు తాగారు, ముక్కు చెవి గొంతు డాక్టర్లను మార్చారు. పక్కన కూర్చుని చూస్తే గొంతుతో పాటు ఎడమ కన్ను కూడా బిగుసుకుంటుంది. చిన్నప్పుడు ఇంకేమైనా ఉండేదా అని అడిగితే, బడిలో తనను 'కన్నుకొట్టుడు' అని పిలిచేవాళ్లని తల దించుకుని చెప్పారు.

అపోహ: గుడికి పోతేనో, తాయెత్తు కడితేనో, బలం సూది వేయిస్తేనో తగ్గింది, కాబట్టి అదే మందు.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు, ఏళ్లు రెండూ ఇక్కడే పోతున్నాయి. టిక్స్ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండవు. కొన్ని వారాలు ముదురుతాయి, కొన్ని వారాలు వాటంతటవే సన్నగిల్లుతాయి, ఒకటి పోయి ఇంకోటి వస్తుంది. మనిషి వైద్యం కోసం ఎప్పుడు బయల్దేరతాడు? బాగా ముదిరినప్పుడే. అమావాస్యకు చెరువుగట్టు గుడికి పోయి నిద్ర చేసి వచ్చినా, ఆర్ఎంపీ దగ్గర 'నరాల బలహీనత'కు బీ కాంప్లెక్స్ సూదులు వేయించుకున్నా, ఏమీ చేయకుండా ఇంట్లో కూర్చున్నా ఆ తర్వాత కొంత తగ్గే కాలమే వస్తుంది. పేరు మాత్రం సూదికి వస్తుంది. మళ్లీ పెరిగితే "గాలి మళ్ల సోకింది" అని ఇంకో చోటుకి. దేవుడి దగ్గరకు పోవద్దని నేనెవరికీ చెప్పను, పోయి రండి, మనసు కుదుటపడితే మంచిదే, ఎందుకంటే టెన్షన్, అలసట, నిద్రలేమి టిక్స్‌ను పెంచుతాయి. కానీ గాలి, చేతబడి అని ఆ మనిషిని కొట్టడం, వాతలు పెట్టడం చేస్తే నేను ఊరుకోను.

అపోహ: ఇది ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చింది.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వాళ్లు అడిగే మాట, అడగడంలో న్యాయం ఉంది, ఆ నీళ్లు అక్కడి తరాలను వంచేశాయి. ఫ్లోరోసిస్ ఎముకలను, కీళ్లను బిగించేస్తుంది, మెడ, నడుము తిరగవు. టిక్‌లో మెడ బాగానే తిరుగుతుంది, అడక్కుండా తిరుగుతుంది, అంతే తేడా. రెండూ వేరు.

అపోహ: టూరెట్ అంటే బూతులు తిట్టే జబ్బు.

వీడియోలు చూసి వచ్చిన భయం. అలా జరిగేది సుమారుగా పది, పదిహేను శాతం మందిలోనే. వాళ్లు కూడా కావాలని అనరు.

అపోహ: పెద్దయ్యాక ఇంకేం చేయలేం.

టిక్స్ ఎక్కువగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య మొదలై, పది, పన్నెండేళ్లప్పుడు తీవ్రంగా ఉండి, చాలామందిలో యుక్తవయసు దాటేసరికి తగ్గుతాయి. కొందరిలో మిగిలిపోతాయి. మిగిలినంత మాత్రాన దారులు మూసుకుపోలేదు. అమెరికాలో 16 ఏళ్లు దాటిన 122 మందితో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. పది వారాల్లో ఎనిమిది సిట్టింగుల ప్రవర్తనా చికిత్స తీసుకున్నవాళ్లలో నూటికి 38 మందికి స్పష్టంగా మేలు కనిపించింది, మామూలు కౌన్సెలింగ్ గ్రూపులో నూటికి ఆరేడుగురికే. అందరికీ పనిచేస్తుందని నేను చెప్పను, కానీ పెద్దవాళ్లకు పనిచేయదనే మాట మాత్రం తప్పు.

చేసేది ఏమిటంటే, ముందు టిక్ వచ్చే ముందు ఒంట్లో ఏమవుతుందో పట్టుకోవడం నేర్పిస్తాం. తర్వాత, ఆ టిక్ జరగడానికి వీల్లేకుండా చేసే ఇంకో చిన్న పని. మెడ ఎగరేసేవాళ్లకు: గడ్డం కొంచెం కిందికి దించి, మెడ కండరాలు మెల్లగా బిగించి, చూపు ముందుకే ఉంచి, ఆ ఒత్తిడి సన్నగిల్లే దాకా, లేదా కనీసం ఒక నిమిషం. గొంతు శబ్దానికి: నోరు మూసి, ముక్కుతో నిదానంగా పొట్ట నిండా గాలి పీల్చి వదలడం. మన గుమస్తా గారు దీన్ని మిల్లులో లెక్కలు రాస్తూనే చేసేవారు, పక్క కుర్చీ ఆయనకు కూడా తెలియలేదు. ఆపితే తర్వాత రెట్టింపు వస్తాయనే భయం చాలామందికి ఉంది, అధ్యయనాల్లో అలా కనిపించలేదు.

అపోహ: మందులంటే మత్తు, జీవితాంతం వాడాలి.

మందులు రాసేది సైకియాట్రిస్ట్ లేదా న్యూరాలజిస్ట్, నేను కాదు. టిక్స్ తేలికగా ఉండి పని చెడకపోతే మందే అవసరం లేకపోవచ్చు. క్లోనిడిన్, అరిపిప్రజోల్, రిస్పెరిడోన్ లాంటివి వాడతారు, ఇవి తగ్గిస్తాయి, పూర్తిగా పోగొడతాయని ఆశ పెట్టుకోవద్దు. మగత, బరువు పెరగడం, బీపీ పడిపోవడం రావచ్చు, కాబట్టి మీరు లారీ, ఆటో నడిపేవాళ్లైతే ముందే చెప్పండి. క్లోనిడిన్‌ను మాత్రం ఉన్నట్టుండి ఆపకండి, బీపీ ఎగబాకుతుంది. ఒకే చోట బలంగా వచ్చే టిక్‌కు బొటాక్స్ ఇంజెక్షన్ కూడా ఉంది. మెదడుకు చేసే ఆపరేషన్ ఏదీ పనిచేయని అతి తీవ్రమైన వాళ్లకే.

ఇంకో మాట. టిక్స్ కంటే వాటితో పాటు వచ్చే ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు పదే పదే రావడం), ఏకాగ్రత కుదరకపోవడం, ఆందోళన, డిప్రెషన్ చాలామందిని ఎక్కువ బాధపెడతాయి. వాటికి చికిత్స ఉంది, దాచకుండా అన్నీ చెప్పండి. పెళ్లి సంబంధాల విషయంలో కూడా నా మాట ఒక్కటే: ముందే చెప్పండి. దేవరకొండ బస్సులో కన్ను కొట్టాడని చెంపదెబ్బ తిన్న ఒకాయన అప్పటి నుంచి ఇంట్లో కూడా కూలింగ్ గ్లాసెస్ తీయలేదు, భార్యకు కారణం తెలిసింది మా గదిలోనే.

అపోహ: పెద్దయ్యాక కొత్తగా వచ్చినా ఇది టిక్కే.

చిన్నప్పుడు ఏమీ లేకుండా ఇప్పుడే మొదలైతే ముందు డాక్టర్ చూడాలి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, కొన్ని మానసిక వ్యాధుల మందులు ఇలాంటి కదలికలు తెస్తాయి. ముఖంలో ఒక్క సగమే, నిద్రలో కూడా అదిరితే అది వేరే జబ్బు. స్పృహ తప్పితే, చెయ్యి కాలు బలహీనపడితే ఆలస్యం చేయొద్దు.

హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. వచ్చేటప్పుడు ఇంట్లో తీసిన వీడియో ఫోన్లో తెండి, డాక్టర్ ముందు కూర్చోగానే టిక్స్ మాయమైపోవడం మామూలే. పాత మందు చీటీలు తెండి. ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంట తెచ్చుకోండి, "అదుగో మళ్ల చేస్తున్నవ్" అనడం ఎందుకు ఆపాలో వాళ్లకు నేనే చెప్తాను.