మిద్దె తోట, ఇంటి ఖర్చు: ఎండలు ముదిరే ముందు తేల్చుకోవలసిన అపోహలు, వాస్తవాలు

మాఘం వెళ్లి ఫాల్గుణం రాగానే నాకు ఫోన్లు పెరుగుతాయి. ఇళ్ల మీద కూరగాయల తోటలు వేయించడం, వాటి బాగోగులు చూడడం నా వృత్తి. ఉగాదిలోగా మిద్దె మీద నాలుగు మొక్కలు మొలిపించాలని, కూరగాయల ఖర్చు కొంతైనా తగ్గించుకోవాలని చాలామంది ఆశ. ఆ ఆశ నాకు ఎంతో ఇష్టం. అయితే దానికి తోడుగా వచ్చే నమ్మకాల్లో చాలావరకు విత్తనం నాటకముందే డబ్బు ఖర్చు పెట్టించేవి. కాలానికి తగిన మొక్క వేస్తే తోట ఖర్చు తగ్గిస్తుంది. కాలానికి ఎదురు వెళ్లే మొక్క అడుగడుగునా డబ్బు అడుగుతుంది. నాకు తరచూ ఎదురయ్యే అపోహలను ఈ దృష్టితోనే ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: ఇప్పుడు టమాటా నాటుకుంటే, వేసవి చివర ధర పెరిగినప్పుడు కొనక్కర్లేదు.

వాస్తవం: అన్నింటికన్నా ఎక్కువ మందిని నిరాశపరిచే నమ్మకం ఇదే. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 డిగ్రీల కిందికి దిగకపోతే టమాటా పూతలోని పుప్పొడి పనికిరాకుండా పోతుంది. మొక్క పచ్చగా, గుబురుగా ఉంటుంది. పూత మాత్రం కాడతో సహా రాలిపోతుంది. ఉగాదికి నాటిన నారు పూతకు వచ్చేది సరిగ్గా నడి వేసవి ఎండల్లో. అప్పుడు ఏ ద్రావణం చల్లినా కాయ నిలవదు. బజారులో జూన్, జూలైలలో టమాటా ధర పెరగడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. మైదాన ప్రాంతాల్లో కాపు ఆగిపోతుంది కాబట్టి, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున కాస్త చల్లగా ఉండే మదనపల్లె వంటి చోట్ల పంట మీద ఆధారపడతాం. 2023 జూలైలో వేరే కారణాలు కూడా తోడై, ఆ మదనపల్లె మార్కెట్‌లోనే కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. బజారులో పంట ఎందుకు తగ్గిందో, మీ మిద్దె మీద కూడా అందుకే తగ్గుతుంది.

మరి ఏం చేయాలి? టమాటా చవకగా దొరికే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొని ఒరుగులు చేసుకోవాలి. గట్టిగా ఉన్న ఎర్రటి పండ్లను నాలుగు చెక్కలుగా కోసి, ఉప్పు, చిటికెడు పసుపు కలిపి, ఒక పూట ఊరనిచ్చి, పలచని బట్ట కప్పి ఎండబెట్టండి. సాయంత్రం తప్పకుండా లోపలికి తెచ్చుకోవాలి, లేకపోతే రాత్రి చెమ్మ పట్టుకుంటుంది. వంచితే వంగకుండా పుటుక్కున విరిగేదాకా ఎండాలి. కొంచెం మెత్తగా ఉన్నా వానాకాలంలో బూజు పడుతుంది. టమాటాలో 94 శాతం దాకా నీరే కాబట్టి కిలో పండ్లు ఎండితే మిగిలేది గుప్పెడే. ఆ గుప్పెడే పప్పులోకి, పచ్చడిలోకి చాలా రోజులు వస్తుంది. మన పెద్దవాళ్లు వంకాయ, కాకర, గోరుచిక్కుడు ఒరుగులు, చల్ల మిరపకాయలు పెట్టింది ఈ లెక్కతోనే. ఉన్న టమాటా మొక్కలకు మార్చి దాకా కాయనిచ్చి తీసేయండి. కొత్త నారు జూన్ వానలు పడ్డాక పోసుకోవచ్చు.

అపోహ: తోట ఉంటే కూరగాయల ఖర్చు సగానికి పడిపోతుంది.

వాస్తవం: ఏం పండిస్తున్నారన్నదాని మీద ఉంటుంది. ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీ మిద్దె మీద పండించి లాభపడిన ఇల్లు నేను చూడలేదు. అవి చోటూ ఎక్కువ తీసుకుంటాయి, బజారులో చవకగానూ దొరుకుతాయి. ఇంటి లెక్క నిజంగా మారేది కొంచెం కావలసిన చోట ఎక్కువ కొనే సరుకుల దగ్గర. నాలుగు రెబ్బల కరివేపాకు కోసం కట్ట కొంటాం, సగం ఎండిపోతుంది. పుదీనా ఫ్రిజ్‌లో నల్లబడుతుంది. పచ్చిమిర్చి పావు కిలో తెస్తే చివరి గుప్పెడు కుళ్లిపోతుంది. ఇవి కుండీలో ఉంటే కావలసినంతే తెంపుకుంటాం. ఆ తరువాత ఆకుకూరలు: తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకు వస్తుంది, గోంగూరకు ఇంకో పది రోజులు ఎక్కువ పడుతుంది. తీగబచ్చలిని ఒకసారి పాకిస్తే నెలల తరబడి కోసుకోవచ్చు. మార్చిలో వేయవలసినవి ఇవే. వీటితో పాటు బెండ, గోరుచిక్కుడు, అలసంద, సొర, బీర, కాకర, దోస. కొత్తిమీర, పాలకూర ఈ ఎండలో త్వరగా పూతకొచ్చి ముదిరిపోతాయి. నీడ ఉన్న మూలలో తప్ప వేయకండి.

విత్తనాల ఖర్చు పెద్దది కాదు. డబ్బంతా వెళ్లేది కుండీలకు, ఇనుప బల్లలకు, నీడ వల కట్టే చట్రానికి. ఇంటికి రంగులు వేయించినప్పుడు మిగిలే 20 లీటర్ల బకెట్లు కడిగి, అడుగున నాలుగైదు రంధ్రాలు పెడితే బెండ, వంగ, మిరప హాయిగా పెరుగుతాయి. మెంతులు, ఆవాలు, ధనియాలు పోపుల డబ్బాలోనే ఉన్నాయి. మొదటి ఏడాది పది పన్నెండు కుండీలతో మొదలుపెట్టమనే నేను చెబుతాను. నెలనెలా ఇంటి ఖర్చుల పుస్తకంలోనే ఒక పేజీ తోటకు కేటాయించి, ఒకవైపు కొన్నది, మరోవైపు కోసుకున్నదాని బజారు ధర రాసుకోండి. ఏ మొక్క ఉండాలో, ఏది పోవాలో ఆ పేజీయే తేల్చేస్తుంది.

అపోహ: మిద్దె మీద మొక్కలు పెడితే స్లాబు కారుతుంది.

వాస్తవం: ఈ భయంలో నిజం కొంత ఉంది, కానీ దోషం మొక్కది కాదు. స్లాబు కారడానికి నేను ఎక్కువగా చూసే కారణాలు మూడు. వాన నీరు పోయే తూము ఆకులతో, మట్టితో పూడిపోవడం. వాలు సరిగా లేక నీరు ఒకచోట నిలవడం. పిట్టగోడా స్లాబూ కలిసే అంచున సన్నని పగులు. అక్కడ దిగిన నీరు లోపలి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కింది గదిలో పైకప్పు పెచ్చులు ఊడతాయి. కుండీలను నేరుగా నేల మీద పెడితే ఈ చెమ్మ కనపడకుండా దాగిపోతుంది, అదే అసలు ప్రమాదం. నాలుగు అంగుళాల ఎత్తు బల్లల మీద పెట్టి, కింద చీపురు ఆడేలా ఉంచితే చాలావరకు సమస్య తీరుతుంది. బెండ వేరు స్లాబును పగలగొట్టలేదు. పక్షుల రెట్టలతో వచ్చి పిట్టగోడ పగులులో మొలిచే రావి, మర్రి మొలకలు మాత్రం పగలగొడతాయి. వాటిని జానెడు ఎత్తు పెరగనివ్వకుండా వేరుతో లాగేయండి.

బరువు సంగతి విడిగా చెప్పాలి. మనుషులు తిరిగే మిద్దె అదనంగా మోయవలసిన బరువును మన దేశ ప్రమాణాల్లో చదరపు మీటరుకు 150 కిలోలుగా లెక్కిస్తారు. అంటే చదరపు అడుగుకు దాదాపు 14 కిలోలు. ఇటుకలు కట్టి అడుగు ఎత్తున ఎర్రమట్టి నింపారనుకోండి, అది తడిసినప్పుడు చదరపు అడుగుకు 45 కిలోలు దాటుతుంది. ఇలాంటి మడులను నేను ఒప్పుకోను, ఇంటివాళ్లు ఎంత పట్టుబట్టినా సరే. అదే కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు, కొంచెం మట్టి కలిపి నింపిన 20 లీటర్ల బకెట్టు తడిసి 20 కిలోలు తూగినా, రెండడుగుల ఎడంతో పెడితే ఆ బరువు నాలుగు చదరపు అడుగులకు పంచుకుంటుంది. పెద్ద తొట్లు దూలాల మీద, గోడల మీద వచ్చేలా సర్దాలి. ఇల్లు పాతదైతే ఇంజినీరుకు చూపించాకే మొదలుపెట్టండి.

దీనితో ముడిపడిన మరో అపోహ, లీకు సంగతి వానలు వచ్చాక చూసుకోవచ్చనేది. నీరు దిగకుండా వేసే పూత ఏదైనా పూర్తిగా ఎండిన స్లాబు మీదే పట్టుకుంటుంది. చెమ్మ మీద వేస్తే నెలలు తిరగకుండా బుడగలు లేచి ఊడిపోతుంది. అందుకే మరమ్మతుకు మార్చి, ఏప్రిల్ సరైన సమయం. తూము మూసి, రెండు అంగుళాల నీరు ఒక రోజంతా నిలబెట్టి, కింది పైకప్పు మీద తడి మచ్చ ఎక్కడ పడుతుందో చూసి సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఆ పగులు పూడ్చాక పైన తెల్లటి పూత వేస్తే కింది గది వేడి కూడా తగ్గుతుంది; తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ ఉద్దేశంతోనే. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే సున్నం కొట్టినా మేలే, కాకపోతే ఏటా కొట్టాలి.

అపోహ: ఎండాకాలం మొక్కకు ఎంత నీరు పోస్తే అంత మంచిది.

వాస్తవం: మిట్ట మధ్యాహ్నం బీర, సొర ఆకులు వాలిపోవడం సహజం. సాయంత్రానికి తేరుకుంటే దాహం లేనట్టే. వాలినప్పుడల్లా నీరు పోస్తే వేరు కుళ్లుతుంది. వేలు రెండో కణుపు దాకా మట్టిలో దింపి చూడండి, తడి తగిలితే ఆ పూటకు వద్దు. పొద్దున్నే పోయడం మేలు. పగలు పోయవలసి వస్తే, ఎండలో పడి ఉన్న గొట్టంలోని మొదటి నీటిని బయటికి వదిలాకే మొక్కకు పట్టండి, అది చేయి కాలేంత వేడిగా ఉంటుంది.

కుండీ అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుందనేది కూడా నిజం కాదు. రాళ్ల పొర పైన మట్టిలో నీరు నిలిచిపోతుంది, వేరుకు చోటూ తగ్గుతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క చాలు.

అపోహ: ఆర్వో యంత్రం వదిలే నీరు మొక్కలకు పోస్తే ఆదా.

వాస్తవం: మీ ఇంటికి వచ్చే నీటిని బట్టి ఉంటుంది. యంత్రం నీటిని వదిలినా లవణాలను తనలో ఉంచుకోదు, బయటికి పోయే నీటిలోకే నెట్టేస్తుంది. పది లీటర్లలో మూడు తాగునీరుగా వస్తే, మిగిలిన ఏడు లీటర్లలోకి దాదాపు ఆ లవణమంతా చేరుతుంది. లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీరు అలా 1400కు చేరుతుంది. కొన్ని వారాలకే మట్టి మీద తెల్లటి పొర, ఆకు అంచున మాడు కనిపిస్తాయి. కృష్ణా, గోదావరి నీరు వచ్చే ఇళ్లలో అంత ఇబ్బంది ఉండదు. బోరు నీటి ఇళ్లవాళ్లు దానిని నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోండి. తోటకు బియ్యం కడిగిన నీరు, ఏసీ నుంచి కారే నీరు నిశ్చింతగా పోయవచ్చు.

అపోహ: వంటింటి చెత్త కుండీలో వేస్తే అదే ఎరువు.

వాస్తవం: పచ్చి తొక్కలు కుండీలో కుళ్లితే ఈగలు, ఎలుకలు వస్తాయి. తొక్కలను ఎండుటాకులతో పొరలు పొరలుగా వేసి, విడిగా మాగనిచ్చిన తరువాతే అది ఎరువు. ఆ ఎండుటాకులు కొనకుండా దొరికే కాలం కూడా ఇదే. ఫిబ్రవరి, మార్చిలలో వేప, రావి ఆకు రాల్చే వీధులన్నింటా ఊడ్చి తగలబెడతారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నాలుగు గోనె సంచులు నింపి మూలన పెట్టుకుంటే చాలా నెలలకు సరిపోతుంది. మాగే డబ్బాలో లావుపాటి పురుగులు కనిపిస్తే పారేయకండి. అవి సాధారణంగా చెత్తను తినే నల్ల ఈగ పిల్లలు, మొక్కకు హాని చేయవు. తడి ఎక్కువైందని చెబుతున్నాయంతే, ఇంకో గుప్పెడు ఆకు వేయండి.

గుడ్డు పెంకులు చల్లితే టమాటా కాయ అడుగు నల్లబడడం ఆగుతుందని కూడా అంటారు. పెంకు కరగడానికి నెలలు పడుతుంది. ఆ నలుపుకు ఎక్కువసార్లు కారణం ఒకరోజు ముంచెత్తి, రెండు రోజులు ఎండగట్టడం.

అపోహ: వేప నూనె ఉంటే ఏ పురుగూ రాదు.

వాస్తవం: మంచి మందే, కానీ లీటరు నీటికి 5 మిల్లీలీటర్లకు మించకూడదు, కొంచెం సబ్బు నీరు కలపకపోతే నూనె పైనే తేలుతుంది. ఎండ వేళ చల్లితే ఆకు మాడుతుంది, సాయంత్రమే చల్లాలి. ఎండాకాలంలో ఆకుల అడుగున చేరే సన్నని ఎర్రనల్లి పురుగుకు నేను ముందుగా చేసేది, గొట్టంతో ఆకు అడుగు భాగాన్ని గట్టిగా కడగడం. దానికి పైసా ఖర్చు లేదు.

అపోహ: హైబ్రిడ్ విత్తనాలంటే జన్యుమార్పిడి విత్తనాలే.

వాస్తవం: రెండూ వేరు. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు రకాలను సంకరపరిచి తీసిన విత్తనం. మన దేశంలో రైతులు వాణిజ్యపరంగా సాగు చేసేందుకు అనుమతి పొందిన జన్యుమార్పిడి పంట బీటీ పత్తి. బీటీ వంకాయను 2010లోనే ఆపేశారు. కాబట్టి హైబ్రిడ్ కాయలు తినడానికి భయం అక్కర్లేదు. ఖర్చు లెక్కలో మాత్రం తేడా ఉంది: హైబ్రిడ్ కాయ నుంచి తీసిన గింజ తల్లి మొక్కలా రాదు, ఏటా కొనవలసిందే. బెండ, గోంగూర, తోటకూర, సొర నాటు రకాలు తెచ్చుకోండి. బెండలో బలంగా ఉన్న మొక్క మీద తొలి కాయల్లో రెండింటిని కోయకుండా వదిలి, చెట్టునే ఎండనిచ్చి, గింజలను బూడిద కలిపి సీసాలో మూత బిగించి, సీసా మీద నెల, రకం రాసి పెట్టుకోండి. వచ్చే ఉగాదికి బెండ విత్తనం పద్దు ఖాళీగా ఉంచవచ్చు.