టీ రంగు, టీ గిన్నె: అపోహలు - వాస్తవాలు

“ఈసారి పొడి బాగోలేదండి, రంగే రావట్లేదు.” గోదావరి జిల్లాల్లో టీపొడి అమ్మే ఏ కొట్లోనైనా రోజూ వినపడే మాట ఇది. టీ విషయంలో జనానికి ఎక్కువ నష్టం తెస్తున్న అపోహ కూడా ఇదే. రంగే అడుగుతున్నారు కాబట్టి రంగు కలిపిన లూజు పొడి అమ్ముడవుతోంది. రంగు చాల్లేదని పది నిమిషాలు మరిగిస్తారు, చేదెక్కుతుంది, ఆ చేదు చంపడానికి ఇంకో చెంచా పంచదార పడుతుంది.

ఆకు నలిగి గాలి తగిలినప్పుడు థియాఫ్లేవిన్లు, థియారుబిజిన్లు అనే రంగు పదార్థాలు పుడతాయి. మొదటివాటి వల్ల డికాషన్‌కి బంగారు మెరుపు, నాలుక మీద చురుకు వస్తాయి. రెండోవి ఎరుపు, నిండుతనం ఇస్తాయి. మంచి పొడి మంచి నీళ్ళలో తేటగా, ఎర్రగా దిగుతుంది. నల్లగా దిగిందంటే చాలాసార్లు నీళ్ళలో క్షారం ఎక్కువుందనే అర్థం. కొంతమంది టీలో చిటికెడు తినే సోడా వేసేది కూడా ఈ నలుపు కోసమే. నిమ్మరసం పిండగానే టీ లేతబడటం చూసే ఉంటారు, ఇది దానికి తిరగేసిన సంగతి.

మన డెల్టాలో ఈ గొడవ వేసవిలో ముదురుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకి నీళ్ళు ఆపేశాక చెరువు నీళ్ళు అడుగంటుతాయి, జనం బోరు నీళ్ళకి మళ్ళుతారు. సముద్రం పక్కన మొగల్తూరు, అంతర్వేది వైపు బోరు నీళ్ళలో ఉప్పదనం చెప్పక్కర్లేదు. కాల్షియం, బైకార్బనేట్లు ఎక్కువున్న నీళ్ళలో టీ మసకబారి, పైన సన్నటి తెట్టు కడుతుంది. అప్పుడు తిట్లు పొడికి పడతాయి. అనుమానముంటే ఒకే పొడిని రెండు గిన్నెల్లో పెట్టండి, ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో మినరల్ వాటర్ టిన్ను నీళ్ళు. పాలు పోయకముందే రెంటినీ గాజు గ్లాసుల్లో వంచి వెలుతురుకి పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

పాలూ అంతే. గేదె పాలలో వెన్న, కేసీన్ అనే మాంసకృత్తు ఎక్కువ. కేసీన్ టీలోని వగరుని పట్టేస్తుంది, రంగునీ లేతగా చేసేస్తుంది. ప్యాకెట్ పాలతో సరిపోయిన కొలత గేదె పాలకి సరిపోదు. అది పొడి తప్పు కాదు.

ఇద్దరికి కొలత ఇది: నీళ్ళు 200 మిల్లీలీటర్లు, గేదె పాలు 100, పొడి తలగొట్టిన చెంచాలు రెండు, అంటే సుమారు 5 గ్రాములు. నీళ్ళు తెర్లాకే పొడి వెయ్యాలి. సన్న సెగ మీద డస్ట్ అనే సన్న పొడికి రెండు నిమిషాలు, గింజల్లా ఉండే పొడికి మూడు నాలుగు చాలు. విడిగా కాచిన వేడి పాలు పోసి, రెండు పొంగులు రానిచ్చి, దించి, ఒక్క నిమిషం మూత పెట్టి వడకట్టండి. చెప్పిన టైము దాటాక ఎంత మరిగించినా దిగేది వగరే. వాసన మాత్రం ఆవిరితో పోతుంది.

అల్లం వేసిన టీ విరిగితే పాలని అనుమానిస్తారు. పచ్చి అల్లంలో పాలని విరగ్గొట్టే ఎంజైము ఉంది. దంచిన అల్లాన్ని ముందు నీళ్ళలో రెండు మూడు నిమిషాలు తెర్లనిస్తే దాని పని అయిపోతుంది. బెల్లం టీకైతే స్టవ్ కట్టేశాకే బెల్లం తురుము వేసి కలపాలి, మళ్ళీ పొయ్యెక్కించకూడదు.

“డస్ట్ అంటే ఊడ్చిన చెత్త.” కాదండీ. ఫ్యాక్టరీలో జల్లెళ్ళ మీద పట్టినప్పుడు అన్నిటికన్నా సన్నగా దిగేది డస్ట్. పేరు సైజుది, నాణ్యతది కాదు. సన్నది కాబట్టి త్వరగా దిగుతుంది.

ఇక కల్తీ భయం. చన్నీళ్ళలో వేసి రంగు దిగితే కల్తీ అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూసి మంచి పొడి పారబోసుకుంటున్న ఇళ్ళున్నాయి. పిల్లలు తాగే వస్తువు కదా, భయపడటంలో తప్పు లేదు. కానీ అసలైన డస్ట్ కూడా చన్నీళ్ళలో నెమ్మదిగా కాస్త రంగు వదులుతుంది. దానికన్నా నమ్మదగ్గది ఫిల్టర్ కాగితం పరీక్ష. కాగితం మీద పొడి పరిచి, కాగితం తడిసేలా నీళ్ళు చిలకరించండి. పొడి తీసేసి కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకి పట్టండి. నల్లటి, గోధుమరంగు మచ్చలు కడిగినా పోకపోతే ఆ పొడి వాడొద్దు. టీపొడికి రంగు కలపడమే చట్టవిరుద్ధం. ఇనుప రజను కోసం పొడిలో అయస్కాంతం తిప్పి చూస్తే చాలు.

పొడి డబ్బా గురించి ఒక్క మాట. మన తేమ గాలికి మూత వదులైతే పొడి మెత్తబడి వాసన పోతుంది. ఇంగువ, ఎండుచేపలున్న అలమరలో అసలు పెట్టకండి, పక్కనున్న ప్రతి వాసనా పీల్చేస్తుంది.

“మా అమ్మగారి గిన్నెలో పెడితేనే టీ కుదురుతుంది” అనేవాళ్ళని చూసి నవ్వకండి. ఆ మాటలో నిజముంది. గిన్నె అదే అయితే నీళ్ళు ఎక్కడిదాకా పొయ్యాలో, పొంగు ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తుంది. మూతి వెడల్పయితే నీళ్ళు ఎక్కువ ఇగురుతాయి, కొలత తప్పుతుంది. ఆ గిన్నెని పొయ్యెక్కించినప్పుడు కలిగే నెమ్మది కూడా చిన్నదేం కాదు, దాన్ని పోగొట్టుకోవద్దు. అయితే అది ఇత్తడిదైతే లోపల కళాయి చూసుకోండి. అడుగున పసుపు రంగు కనపడిందంటే కళాయి పోయినట్టే. నిమ్మకాయ టీ లాంటి పులుపు తగిలితే రాగి దిగుతుంది, మళ్ళీ కళాయి వేయించేదాకా టీ పెట్టొద్దు. కళాయి అంటే తగరం, 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి నీళ్ళ కోసం వెళ్ళకూడదు.

టీ గిన్నె తోమకపోతేనే రుచి అనేది మాత్రం ఒట్టి మాట. పాల టీకి అది అసలు పనికిరాదు. లోపల కట్టేది ఎండిన పాలు, వగరు జిగురు. స్టీలు, పింగాణీలకి తినే సోడా పేస్టు రాసి పావుగంట ఆగి తోమితే మరక పోతుంది. అల్యూమినియం కెటిల్‌కి సోడా తగలనివ్వకండి, నల్లబడుతుంది. బోరు నీళ్ళకి స్టీలు గిన్నెలో తెల్లగా గార కడితే లీటరు నీళ్ళకి ఒక చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి కాచి, అరగంట వదిలి కడగండి. కెటిల్ కొమ్ములోకి సన్న బ్రష్ పోనివ్వాలి, పొద్దుటి టీ సాయంత్రానికి పుల్లగా తగిలేది అక్కడినుంచే.

టీ తాగితే నల్లబడతారన్నది పిల్లల్ని ఆపడానికి పుట్టిన మాట, అంతే. గ్రీన్ టీ తాగినంత మాత్రాన పొట్ట కరగదు. భోజనంతో పాటు టీ తాగితే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదన్నది మాత్రం నిజం. ఐరన్ మాత్రలు వేసుకునే గర్భిణులు టీ మానేయాలేమోనని దిగులు పడుతుంటారు. అంత అవసరం లేదమ్మా, మాత్రకీ భోజనానికీ గంట అటో ఇటో తాగండి, రోజుకి ఎన్ని కప్పులన్నది డాక్టర్‌ని అడగండి.