బైపీసీకి లెక్కలెందుకు? జన్యువుల బాణాల బొమ్మ వెనుక కథ

తిరుపతిలో పదో తరగతి దాటి బైపీసీలో చేరిన పిల్లల్లో చాలామంది లెక్కల టెన్షన్ ఆ రోజుతో తీరిపోయిందనుకుంటారు. అది మళ్లీ ఎదురయ్యేది జన్యు నియంత్రణ వలయాల దగ్గర, అంటే జన్యువులు ఒకదాన్నొకటి నడిపించే, ఆపే అల్లికల దగ్గర. ఒక జన్యువు నుంచి ఇంకో జన్యువుకు బాణాలు గీసిన బొమ్మ చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ బొమ్మ ఏం చేస్తుందో చెప్పమంటేనే చిక్కు.

కథ పాలచక్కెరతో మొదలైంది. 1940ల మొదట్లో పారిస్‌లో జాక్ మోనో బాక్టీరియాకు గ్లూకోజ్, లాక్టోజ్ కలిపి పెట్టి చూశాడు. గ్లూకోజ్ అయిపోయేదాకా అవి లాక్టోజ్ జోలికి పోలేదు. మధ్యలో కాసేపు ఎదుగుదల ఆగి, మళ్లీ అందుకుంది. (లాక్టోజ్ అంటే చిత్తూరు జిల్లా పాల కేంద్రాల్లో పొద్దున్నే చేతులు మారే పాలలోని చక్కెరే.) ఆ దారిలోనే 1961లో మోనో, ఫ్రాన్సువా జాకబ్ తేల్చిందేమంటే, ఒక జన్యువు చేయించే పదార్థం (అది ప్రోటీన్ అని తర్వాత తేలింది) ఇతర జన్యువులకు మూత పెట్టగలదు, లాక్టోజ్ అందితే ఆ మూత తొలగుతుంది. 1965లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

మూత ఉందా, లేదా? ఇది స్విచ్ భాష. 1969లో స్టువర్ట్ కౌఫ్‌మన్ జన్యువులను వట్టి సున్నాలు, ఒకట్లుగా (ఆగి ఉంటే 0, పనిచేస్తుంటే 1) తీసుకుని, యాదృచ్ఛికంగా కలిపి, కంప్యూటర్‌లో నడిపించాడు. ధైర్యం గొప్పదే కానీ, అన్ని జన్యువులూ ఒకేసారి అడుగు వేస్తాయనుకోవడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

బ్రస్సెల్స్‌లో రెనే థామస్ పట్టుకున్నది సరిగ్గా అక్కడే. కాగితం మీద చేసి చూడండి: రెండు జన్యువులు, ఒకదాన్నొకటి అణచివేస్తాయి. స్థితులు నాలుగు. 10, 01 కదలవు. 00 నుంచి మొదలుపెడితే? రెండూ ఒకేసారి మారితే 11, మళ్లీ 00, అలా తిరుగుతూనే ఉంటుంది. కణంలో అంత సమయపాలన ఎక్కడుంది? ఏదో ఒకటి ముందు లేస్తుంది, రెండోది అణగిపోతుంది. థామస్ 1973 నుంచి కట్టిన తర్కంలో ఆ లేని తిరుగుడు మాయమై, రెండు స్థిరస్థితులే మిగిలాయి.

1981లో ఆయన రెండు ఊహలు ముందుపెట్టాడు. బాణాల వెంట వెళ్లి బయల్దేరిన జన్యువుకే తిరిగొస్తే అది ఒక వలయం. అందులోని అణచివేతల సంఖ్య సరి అయితే (సున్నా అయినా సరే) అది ధన వలయం. అది లేకుండా ఒకటికి మించి స్థిరస్థితులు ఉండవు. సంఖ్య బేసి అయితే రుణ వలయం. అది లేకుండా నిలకడైన ఊగులాట ఉండదు. రుణ వలయం తిరుపతివాళ్లకు కొత్తేం కాదు. సర్వదర్శనం క్యూ శిలాతోరణం దాకా వచ్చిందని టీవీలో చూసినవాళ్లు ప్రయాణం వాయిదా వేసుకుంటారు. రద్దీ తగ్గిందనగానే అందరూ ఒక్కసారే బయల్దేరతారు. కబురు చేరడానికి, మనిషి కొండెక్కడానికి పట్టే ఆలస్యమే ఆ ఊగులాటను నడిపిస్తుంది. ఈ ఊహలకు గణిత రుజువులు రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

ప్రయోగశాల సాక్ష్యం కూడా వచ్చింది. 2000 జనవరిలో, ఒకే 'నేచర్' సంచికలో రెండు పత్రాలు. ఒకదానిలో రెండు జన్యువులు పరస్పరం అణచుకుంటూ స్విచ్‌లా పనిచేశాయి. రెండోదానిలో మూడు జన్యువులు, మూడు అణచివేతలు, బేసి సంఖ్య. వాటిని పెట్టిన ఈ.కోలై బాక్టీరియా కణాలు వెలిగి ఆరాయి. అన్నీ కాదు, కొన్నే. అణువులు కొద్దిపాటిగా ఉన్నచోట అదృష్టం కూడా లెక్కలోకి వస్తుంది మరి.

అవకలన సమీకరణాలు (ఏది ఎంత వేగంగా మారుతుందో చెప్పే లెక్కలు) రాయొచ్చు కదా అంటే, రాశారు. కానీ ప్రోటీన్ ఎంత గట్టిగా అతుక్కుంటుంది, ఎంత సేపట్లో కరిగిపోతుంది అన్న అంకెలు చాలా జన్యువులకు ఎవరూ కొలవలేదు. అందుకే తర్కం మళ్లీ ముందుకొచ్చింది, ఈసారి కంప్యూటర్ సైన్స్ నుంచి అరువు తెచ్చిన పనిముట్టుతో. ప్రోగ్రాముల్లో, సర్క్యూట్లలో తప్పులు వెతకడానికి 1980ల మొదట్లో మోడల్ చెకింగ్ అనే పద్ధతి పుట్టింది. దాన్ని కనిపెట్టిన ముగ్గురికి కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు 2007కి దక్కింది. 2004లో ఫ్రాన్స్‌లో కొందరు దాన్ని థామస్ తర్కానికి జోడించారు. వాళ్ల ప్రశ్న ఇదీ: సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్న రోగుల ఊపిరితిత్తుల్లో సూడోమోనాస్ బాక్టీరియా జిగురు పట్టడానికి జన్యువులో మార్పు తప్పనిసరా, లేక వలయం స్విచ్ పడితే సరిపోతుందా? ఆ మాటను సూత్రంగా రాసి, సాధ్యమైన నమూనాలన్నిటి మీదా యంత్రంతో పరీక్షించారు. కొన్ని నిలబడ్డాయి. ఇక బెంచి మీద ఏ ప్రయోగం చేస్తే విషయం తేలుతుందో ఆ నిలబడ్డ నమూనాల నుంచే వెతుక్కున్నారు.