చాలాకాలానికి మళ్ళీ సైకిలెక్కి గ్రూప్ రైడ్‌కు వెళ్ళేవారికి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈతా, సైకిలూ ఒకసారి వస్తే ఇక మర్చిపోం.

వాస్తవం: బ్యాలెన్సు మర్చిపోరు, నిజమే. గుంపులో తొక్కడానికి కావలసినవి వేరే ఉన్నాయి. ఒక చెయ్యి తీసి సైగ చెయ్యాలి. వెనక్కి తిరిగి చూసినా బండి గీత తప్పకూడదు. రోడ్డు మీంచి కళ్ళు తీయకుండా బాటిల్ తీసి, తాగి, మళ్ళీ పెట్టెయ్యాలి. తొక్కడం మానేస్తే ముందు మొద్దుబారేవి ఇవే. వాహనాలు తిరగని చోట నేల మీద ఏదో ఒక గీత పట్టుకుని వారానికి రెండుసార్లు పదేసి నిమిషాలు సాధన చెయ్యండి. వెనక్కి చూసేటప్పుడు బండి పక్కకు లాగుతోందంటే చాలాసార్లు కారణం మోచేతులు బిగబట్టడమే. వాటిని కాస్త వంచి, భుజాలు వదులు చేస్తే సరిపోతుంది.

అపోహ: ఆయాసం తగ్గిందంటే రైడ్‌కు సిద్ధమైనట్టే.

వాస్తవం: మిగతా అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. తొక్కడం ఆపిన కొద్ది వారాల్లోనే రక్తంలో ప్లాస్మా, అంటే ద్రవభాగం, పరిమాణం తగ్గుతుంది. అందుకే మొదట్లో చిన్న ఎత్తుకే గుండె దడదడలాడుతుంది. మళ్ళీ మొదలుపెడితే అది త్వరగానే కోలుకుంటుంది, దాంతో ఊపిరి కుదురుతుంది. ఇక పర్లేదనుకుని ఒక్కసారిగా దూరం పెంచేస్తారు. కానీ కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు అంత వేగంగా గట్టిపడవు. మెడ వెనక కండరాలు, అరచేతులు, సీటు మీద ఆనే చర్మం కూడా అంతే. రైడ్ మధ్యలో ఆగిపోయేవాళ్ళలో చాలామందిని ఆపేది ఊపిరి కాదు, మోకాలో మెడో కూర్చునే చోటో.

కాబట్టి లెక్క వీటిని బట్టి వేసుకోవాలి. రైడ్ 60 కిలోమీటర్లనుకుందాం, చేతిలో ఆరు వారాలున్నాయనుకుందాం. వారానికి మూడు రోజులు తొక్కండి. రెండు రోజులు 40-45 నిమిషాల చొప్పున, పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత వేగంలో చాలు. మూడోరోజు మాత్రం దూరం పెంచుతూ పోవాలి: వారానికొకటిగా 15, 22, 30, 38, 45 కిలోమీటర్లు. ఆరో వారం అంతా సగానికి తగ్గించెయ్యండి. ముప్పాతిక దూరం హాయిగా తొక్కగలిగితే మిగతా పావు గుంపు ఊపులో వచ్చేస్తుంది. రెండు వారాలే మిగిలాయా? చిన్న రూటు ఎంచుకోండి, లేదా సగంలో వెనక్కి తిరుగుతానని నడిపించేవాళ్ళకు ముందే చెప్పండి. అందులో నామోషీ ఏం లేదు.

బరువైన గేరులో మెల్లగా తొక్కితే కాళ్ళకు బలం వస్తుందన్నది దీనికి తోడబుట్టిన అపోహ. దానివల్ల మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. తేలిక గేరులో, 15 సెకన్లకు ఒక కాలు 20 నుంచి 22 సార్లు తిరిగేలా తొక్కండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం కనిపిస్తే ఆపి, డాక్టరుకు చూపించుకున్నాకే మళ్ళీ ఎక్కాలి.

అపోహ: సీటు నొప్పికి మందు మెత్తటి సీటు.

వాస్తవం: మరీ మెత్తగా ఉంటే కూర్చునే ఎముకలు దిగబడి, వాటి మధ్యనున్న సున్నితమైన భాగం మీద భారం పడుతుంది, తిమ్మిరెక్కుతుంది. ముందు ఎత్తు చూడండి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దానిమీద ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగుతుంది. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు కిందికి ఉండి ఉండవచ్చు. మోకాలి వెనక నొప్పి వచ్చినా, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగినా ఎత్తు ఎక్కువైందేమో చూడండి. మార్పు ఒక్కోసారి 3-5 మిల్లీమీటర్లే. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు, ఒరిపిడంతా ఆ లోదుస్తుల కుట్ల దగ్గరే మొదలవుతుంది.

అపోహ: గాలి కొట్టి, చైనుకు నాలుగు చుక్కల నూనె వేస్తే బండి రెడీ.

వాస్తవం: వాడకుండా పెట్టిన బండిలో రబ్బరు కూడా పాడవుతుంది. టైరు పక్క గోడలు వంచి చూడండి, పగుళ్ళుంటే మార్చాల్సిందే. టైరు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి హద్దు మాత్రమే, అంత కొట్టమని కాదు. 70 కిలోల మనిషికి, ట్యూబున్న 28 మిల్లీమీటర్ల టైరుకు 65-75 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టవచ్చు. ట్యూబ్‌లెస్ అయితే లోపలి సీలెంటు (చిన్న పంక్చర్లను మూసే ద్రవం) ఎండిపోయి ఉంటుంది, కొత్తది పొయ్యాలి.

చైను ఎంత అరిగిందో చూడడానికి కొలిచే టేపు చాలు. లోపలివీ బయటివీ కలిపి 24 లింకులు, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు కొత్త చైనులో 304.8 మిల్లీమీటర్లుంటాయి. 11, 12 స్పీడ్ (వెనక అన్ని గేర్లున్న) చైను 306.3కి, అంతకంటే తక్కువ స్పీడ్‌లది 307కి చేరితే మార్చే సమయం వచ్చినట్టే. డిస్క్ బ్రేకులుంటే నూనె స్ప్రే వాటి దరిదాపులకు రానివ్వకండి. తుంపర పడితే ప్యాడ్లు కీచుమంటాయి, పట్టు పోతుంది. హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకు లివరు హ్యాండిల్‌ను తాకేదాకా వస్తే లోపల గాలి చేరి ఉండవచ్చు, ప్యాడ్లు అరిగి ఉండవచ్చు. ఈ పనులన్నీ రైడ్‌కు రెండు వారాల ముందే అవ్వాలి. కొత్త గేరు వైర్లు కొంత తొక్కాక వదులవుతాయి, మళ్ళీ బిగించాలి.

అపోహ: ముందువాళ్ళ చక్రానికి అంటుకుపోతేనే ఎదురుగాలి తగ్గి కలిసొస్తుంది.

వాస్తవం: ఒక సైకిల్ పొడవు వెనకున్నా లాభం ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి, ముందువాళ్ళ తీరు తెలిశాక దగ్గరవ్వండి. మీ ముందు చక్రాన్ని వాళ్ళ వెనక చక్రం పక్కకు మాత్రం చేర్చకండి. రెండూ తాకితే సాధారణంగా పడేది వెనకవాళ్ళే, ఎందుకంటే బ్యాలెన్సు సరిచేసుకోవడానికి హ్యాండిల్ తిరగదు. చూపు ముందు టైరు మీద కాదు, వాళ్ళ భుజాల మీదుగా దూరానికి ఉండాలి. ఎత్తెక్కేటప్పుడు ఎవరైనా సీటు మీంచి లేచారంటే వాళ్ళ బండి ఓ క్షణం వెనక్కి వస్తుంది, అక్కడ కాస్త ఎడం ఉంచండి. వేగం తగ్గాలంటే ముందు తొక్కడం ఆపండి, నిటారుగా కూర్చోండి. అప్పటికీ చాలకపోతే మెత్తగా బ్రేకు.

వరుసకు ముందుండి గాలిని చీల్చే వంతు మీకు వచ్చినప్పుడు వేగం పెంచకండి. కొత్తగా తిరిగొచ్చినవాళ్ళు సత్తా చూపించబోయి వరుసనంతా తెంపేది ఇక్కడే. ఒకటి రెండు నిమిషాలు అదే వేగంలో లాగి పక్కకు తప్పుకోండి. అసలు ముందుకు రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

అపోహ: ఎన్ని నీళ్ళు తాగితే అంత మంచిది.

వాస్తవం: ఒట్టి నీళ్ళు లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఎండలో చాలామందికి గంటకు 500-750 మిల్లీలీటర్లు, కాస్త ఉప్పుతో సరిపోతుంది. గంటన్నర దాటే రైడ్ అయితే గంటకు 30-60 గ్రాముల పిండిపదార్థం, ఆకలి వేసేదాకా ఆగకుండా మొదటి అరగంట నుంచే.

అపోహ: ముందురోజు పూర్తి దూరం ఓసారి తొక్కి చూసుకుంటే ధైర్యం.

వాస్తవం: ఆ శ్రమకు ఫలితం మర్నాటికి అందదు, అలసట మాత్రం అందుతుంది. అరగంట తేలిగ్గా తొక్కి గేర్లు, బ్రేకులు చూసుకోండి. కొత్త బూట్లు, కొత్త సీటు ఆ రోజుకు వద్దు. స్పేర్ ట్యూబు, రెండు టైరు లివర్లు (టైరు ఊడదీసే పుల్లలు), పంపు, అల్లెన్ కీల సెట్టు మీ దగ్గరే ఉండాలి. ట్యూబు వాల్వు మీ రిమ్ము లోతుకు సరిపోయే పొడవుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. ఎవరో ఒకరి దగ్గర ఉంటుందిలే అనుకుంటే, వాళ్ళ చక్రం సైజు మీది కాకపోవచ్చు.