సేకరణ ముందు, చట్టం వెనుక

1943 మార్చి 27 రాత్రి, నాజీ జర్మనీ ఆక్రమణలో ఉన్న ఆమ్‌స్టర్‌డామ్‌లో, పోలీసు దుస్తులు వేసుకున్న కొందరు ప్రతిఘటన ఉద్యమకారులు నగర జనాభా రిజిస్టర్లు ఉన్న భవనంలోకి ప్రవేశించారు. కాపలాదారులకు మత్తుమందు ఇచ్చి, వారిని పక్కనే ఉన్న జంతు ప్రదర్శనశాల ఆవరణకు చేర్చి, బీరువాల్లోని కార్డులను నేల మీద కుప్పపోసి నిప్పు పెట్టారు. మంటలార్పడానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది కూడా వారి మీద సానుభూతితో అవసరానికి మించి నీళ్లు కొట్టి, కాలకుండా మిగిలిన కాగితాలను తడిపి పాడుచేశారు. అయినా రికార్డుల్లో కొంత భాగమే నాశనమైంది. దాడిలో పాల్గొన్న పలువురిని పట్టుకుని కాల్చి చంపారు. ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో, ఏ మతానికి చెందినవారో తెలిపే ఆ కార్డులను డచ్ యంత్రాంగం యుద్ధానికి ముందు మామూలు పరిపాలన అవసరాల కోసం, ఎవరికీ చెడు చేయాలన్న తలంపు లేకుండా, ఎంతో శ్రద్ధగా తయారుచేసుకుంది. పాలకులు మారగానే ఆ శ్రద్ధే యూదులను ఇల్లిల్లూ వెతికి పట్టుకోవడానికి అక్కరకు వచ్చింది.

ఇంటర్నెట్‌లో వ్యక్తిగత సమాచారం దుర్వినియోగం కాకుండా చట్టాలు ఆపగలవా అన్న చర్చను ఈ సంఘటనతో మొదలుపెట్టడమే సబబని నా అభిప్రాయం. ఒక అవసరం కోసం పోగుచేసిన వివరాలు ఇంకో అవసరానికి, ఇంకొకరి చేతికి వెళ్లడమే ఇప్పటికీ ఈ సమస్యకు మూలం. ఆ కార్డులను ఏ చట్టమూ కాపాడలేకపోయింది, ఎందుకంటే చట్టం రాసే చేతులే మారిపోయాయి. గత యాభై అయిదేళ్లలో వచ్చిన డేటా చట్టాలను వరుసగా చూస్తే, సేకరణకు ముందే అడ్డుపడినవి కొన్ని, సేకరణ జోలికి పోకుండా వాడకం మీద మాత్రం షరతులు పెట్టినవి అనేకం కనిపిస్తాయి. ఈ రెండు రకాల చట్టాల ఫలితాలు ఒకేలా లేవు.

గోప్యతను హక్కుగా వాదించిన తొలి ప్రసిద్ధ రచన 1890 నాటిది. శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు, చేతిలో ఇమిడే కెమెరాలూ జనం ఇంటి విషయాలను అచ్చువేసే పత్రికలూ పెరిగిన ఆ రోజుల్లో, మనిషికి తన మానాన తాను ఉండే హక్కు ఉందంటూ హార్వర్డ్ లా రివ్యూలో వ్యాసం రాశారు. అప్పటికి భయమంతా వెల్లడి గురించే. చిన్నచిన్న వివరాలను ఒకచోట చేర్చి మనిషిని అంచనా కట్టే యంత్రం ఇంకా పుట్టలేదు.

ఆ యంత్రం ప్రభుత్వ కార్యాలయాల్లోకి వచ్చాకే తొలి డేటా చట్టాలు వచ్చాయి. 1970లో జర్మనీలోని హెస్సె రాష్ట్రం ప్రపంచంలోనే మొదటి డేటా రక్షణ చట్టం చేసింది. 1973లో స్వీడన్ దేశం మొత్తానికి వర్తించే చట్టం తెచ్చింది. అదే ఏడాది అమెరికా ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ నియమించిన సలహా సంఘం, రహస్యంగా ఏ రికార్డు వ్యవస్థా ఉండరాదని, ఒక పనికి తీసుకున్న వివరాలను అనుమతి లేకుండా మరో పనికి వాడరాదని సూత్రాలు రూపొందించింది. ఇప్పటి చట్టాల్లో కనిపించే మాటల్లో ఎక్కువ భాగం ఆ నివేదికలోనివే. కానీ ఆ సూత్రాల ఆధారంగా 1974లో అమెరికా చేసిన గోప్యత చట్టం ఫెడరల్ ప్రభుత్వ శాఖలను మాత్రమే కట్టడి చేసింది. ప్రైవేటు కంపెనీలను వదిలేసిన ఆ నిర్ణయానికి ఎంత మూల్యం ఉంటుందో అప్పుడు ఎవరూ ఊహించలేదు.

ఫ్రాన్స్‌లో కథ మరోలా నడిచింది. వేర్వేరు ప్రభుత్వ శాఖల దగ్గరున్న ఫైళ్లను ఒకే గుర్తింపు సంఖ్యతో కలపాలన్న 'సఫారి' పథకం సంగతిని 1974 మార్చిలో 'ల మోంద్' పత్రిక బయటపెట్టింది. దేశమంతా అలజడి రేగి, పథకం ఆగిపోయి, 1978లో చట్టమూ దాని అమలుకు 'క్నిల్' అనే స్వతంత్ర సంస్థా వచ్చాయి. ఇక్కడ ఆపింది నిజానికి పౌరుల ఆగ్రహం. చట్టం దాని వెనకాలే వచ్చింది. ఫైళ్లు కలవకముందే గొడవ జరగడం వల్ల ఆపడం సాధ్యమైంది.

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి ఆయువుపట్టు 1983 డిసెంబరు 15న పశ్చిమ జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు. ఆ ఏడాది తలపెట్టిన జనాభా లెక్కల ప్రశ్నావళిని వేలాదిమంది బహిష్కరిస్తామన్నారు. సేకరించిన వివరాలతో స్థానిక నివాస రిజిస్టర్లను సరిచేసుకునే వీలు ఆ చట్టంలోనే ఉండటం వారి ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి. గణాంకాల కోసమని అడిగిన జవాబు పరిపాలనా ఫైలులోకి చేరడాన్ని న్యాయస్థానం కొట్టివేసింది. తన గురించిన వివరాలు ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు తెలియాలో తేల్చుకునే అధికారం మనిషికే ఉందని, దానిని 'సమాచార స్వయంనిర్ణయ హక్కు'గా గుర్తించాలని చెప్పింది. కంప్యూటర్ కాలంలో అల్పమైన డేటా అంటూ ఏదీ ఉండదని కూడా చెప్పింది. విడిగా చూస్తే ఎందుకూ కొరగాని వివరం మరో నాలుగింటితో కలిసినప్పుడు మనిషి బతుకును పట్టిస్తుందన్న ఈ ఎరుక, వెబ్ పుట్టడానికి ఇన్నేళ్ల ముందే ఒక న్యాయస్థానానికి కలిగింది.

అట్లాంటిక్ అవతల చట్టాలు రంగాల వారీగా, దెబ్బ తగిలిన చోటల్లా మందు రాసినట్టు వచ్చాయి. 1987లో అమెరికా సుప్రీంకోర్టుకు నామినేట్ అయిన రాబర్ట్ బోర్క్ వీడియో దుకాణంలో అద్దెకు తీసుకున్న క్యాసెట్ల జాబితాను ఒక పత్రిక ప్రచురించింది. మరుసటి ఏడాదే వీడియో అద్దె రికార్డుల గోప్యతకు ప్రత్యేక చట్టం వచ్చింది. సెనేటర్లకు తమ జాబితాలు గుర్తొచ్చినప్పుడు చట్టం ఎంత వేగంగా వస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది. ఆన్‌లైన్ జీవితం మొత్తానికి వర్తించే సమగ్ర ఫెడరల్ చట్టం మాత్రం ఆ దేశంలో ఈనాటికీ రాలేదు.

1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ ఇంజినీరు లూ మోంటుల్లీ 'కుకీ'ని తయారుచేశారు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లినా బుట్టలో వేసుకున్న వస్తువులను వెబ్‌సైట్ మరిచిపోకుండా ఉండేందుకు బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైలు అది. కొద్దికాలంలోనే ప్రకటనల కంపెనీలు అదే ఫైలుతో ఒకే మనిషిని సైటు నుంచి సైటుకు వెంబడించడం నేర్చుకున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ కార్డుల్లాగే ఇదీ ఒక పనికి పుట్టి మరో పనికి మళ్లింది. ఐరోపా 1995లో ఆదేశం తెచ్చి, చట్టబద్ధమైన కారణం ఉంటేనే డేటా వాడాలని చెప్పింది. ఆ కారణాల్లో అన్నిటికన్నా సులువుగా దొరికేది 'సమ్మతి'. అమెరికాలోనూ ముందుగా తెలియజేయడం, ఆపై ఎంపిక ఇవ్వడం అన్న పద్ధతే స్థిరపడింది.

ఈ సమ్మతి ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. పేజీ తెరవగానే అడుగున ఒక పలక లేస్తుంది. 'అన్నీ అంగీకరిస్తున్నాను' అన్నది రంగులో, బొటనవేలు పడేంత వెడల్పుగా ఉంటుంది. పక్కన బూడిదరంగు అక్షరాల్లో 'ఎంపికలు నిర్వహించండి' అని ఉంటుంది. దాన్ని నొక్కితే ఇంకో తెర, అందులో వందలాది 'భాగస్వాముల' పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక మీట, చివర్లో ఎక్కడో 'ఎంపికలను భద్రపరచండి' అన్న మాట. చదవాల్సింది చదవాలనుకున్న మనిషి పేజీని వదిలేసి వెళ్లిపోతాడు, లేదా రంగు బొత్తాం నొక్కేస్తాడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అలీసియా మెక్‌డొనాల్డ్, లోరీ క్రేనర్ 2008లో లెక్క వేస్తే, ఒక మనిషి తాను చూసే సైట్ల గోప్యత విధానాలన్నీ చదవాలంటే ఏడాదికి 200 గంటలకు పైగా పడుతుందని తేలింది. చట్టం దృష్టిలో అంగీకారం ఉంది. మనిషి మనసులో లేదు.

పేర్లు తీసేస్తే ప్రమాదం లేదన్న వాదన కూడా ఇదే కాలంలో కూలిపోయింది. 1990లలో లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు, పేర్లు తొలగించి పరిశోధకులకు ఇచ్చిన ఆసుపత్రి రికార్డులను ఓటర్ల జాబితాతో పోల్చి, మసాచుసెట్స్ గవర్నర్ విలియం వెల్డ్ వైద్య వివరాలను గుర్తుపట్టారు. పుట్టిన తేదీ, లింగం, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతాన్ని వేరుచేసి గుర్తించవచ్చని ఆమె 2000లో అంచనా వేశారు. 2006లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సంస్థ ఆరున్నర లక్షల మంది ఖాతాదారుల సెర్చ్ పదాలను, పేర్ల బదులు సంఖ్యలు పెట్టి, పరిశోధన కోసం విడుదల చేసింది. ఒంటి నొప్పుల గురించి, పెంపుడు కుక్క గురించి, ఊరి పేరు గురించి వెతికిన మాటలను పట్టుకుని విలేకరులు ఒక సంఖ్య వెనకున్న వృద్ధురాలి ఇంటి తలుపు తట్టారు. 1983లో జర్మన్ న్యాయమూర్తులు చెప్పిందే అక్షరాలా జరిగింది.

2013లో అమెరికా నిఘా వ్యవస్థలో పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు, కంపెనీల దగ్గర పోగైన డేటా నిఘా సంస్థలకు ఎలా చేరుతోందో చూపించాయి. దాన్ని ఆధారం చేసుకుని ఆస్ట్రియాకు చెందిన మాక్స్ ష్రెమ్స్ వేసిన కేసుల్లో, ఐరోపా నుంచి అమెరికాకు డేటా పంపే ఒప్పందాలను ఐరోపా న్యాయస్థానం 2015లో ఒకసారి, 2020లో మరోసారి కొట్టివేసింది. 2018 మే 25 నుంచి అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టం జీడీపీఆర్, ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 4 శాతం దాకా జరిమానాకు వీలు కల్పించింది. ఆ అంకె ఎందుకు అవసరమైందో కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ సలహా సంస్థ ఉదంతం చెబుతుంది. ఒక క్విజ్ యాప్‌ను దాదాపు 2,70,000 మంది వాడితే, వారి స్నేహితుల వివరాలతో కలిపి 8.7 కోట్ల మంది వరకు ఫేస్‌బుక్ డేటా బయటికి పోయింది. పాత చట్టం ప్రకారం బ్రిటన్ ఫేస్‌బుక్‌కు వేయగలిగిన గరిష్ఠ జరిమానా 5 లక్షల పౌండ్లు, అంతే వేసింది. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 500 కోట్ల డాలర్లు కట్టించింది. అప్పటికి ఆ డేటా ఎక్కడెక్కడికి వెళ్లిందో వెనక్కి రప్పించే దారి ఎవరి దగ్గరా లేదు. 2023లో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా మీద ఐర్లాండ్ నియంత్రణ సంస్థ విధించిన 120 కోట్ల యూరోల జరిమానా కూడా ఏళ్ల తరబడి సాగిన వ్యవహారం తర్వాతే వచ్చింది.

జరిమానా పని చేయదని అనడం లేదు. 2022 జనవరిలో ఫ్రాన్స్ సంస్థ క్నిల్ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు వేసింది. కారణం చిన్నదిగా కనిపిస్తుంది: కుకీలను ఒప్పుకోవడానికి ఒక నొక్కు చాలు, వద్దనడానికి మాత్రం చాలా నొక్కులు కావాలి. ఆ ఏడాదే గూగుల్ ఐరోపాలో 'అన్నీ తిరస్కరించు' అన్న బొత్తాన్ని పక్కనే, అదే పరిమాణంలో పెట్టింది. బొత్తాం ఎక్కడ ఉండాలన్న దాకా దిగిన చట్టం అనుభవంలో తేడా తెస్తుంది.

భారత్‌లో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. 2019లో ప్రవేశపెట్టిన బిల్లును 2022లో ఉపసంహరించుకున్నారు. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. అయితే ప్రభుత్వ సంస్థలకు విస్తృతమైన మినహాయింపులకు దారి ఉంది, నష్టపోయిన మనిషికి పరిహారం ఇప్పించే ఐటీ చట్టంలోని పాత 43ఎ సెక్షన్‌ను తొలగించే ఏర్పాటూ ఉంది. జరిమానా ఖజానాకు పోతుంది. డేటా ఎవరిదో ఆ మనిషి చేతికి ఏమీ రాదు. ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఇందుకు భిన్నమైన దారిని అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2008లోనే పట్టింది. వేలిముద్రలు, ముఖకవళికలు వంటి జీవకొలతలను తీసుకోకముందే రాతపూర్వక సమ్మతి ఉండాలని, లేకపోతే ఏ పౌరుడైనా స్వయంగా కోర్టుకెళ్లి ఉల్లంఘనకు 1,000 డాలర్లు, కావాలని చేసినదైతే 5,000 డాలర్ల పరిహారం కోరవచ్చని ఆ రాష్ట్ర చట్టం చెప్పింది. దాని కింద నడిచిన సామూహిక దావాలో ఫేస్‌బుక్ 65 కోట్ల డాలర్లకు రాజీపడింది. 2021 నవంబరులో తన ముఖ గుర్తింపు వ్యవస్థను మూసి, వంద కోట్లకు పైగా మనుషుల ముఖ నమూనాలను చెరిపేస్తానని ప్రకటించింది. ఇంటర్నెట్ నుంచి ఫొటోలు ఏరుకుని ముఖాల కోశం కట్టిన క్లియర్‌వ్యూ సంస్థ మీద ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్ తలో 2 కోట్ల యూరోల జరిమానా వేశాయి. అయినా అక్కడ కార్యాలయమే లేని ఆ కంపెనీని కదిలించడం కష్టమైంది. ఇల్లినాయ్ చట్టం కింద వేసిన దావాలో మాత్రం 2022 మేలో ఆ సంస్థ అమెరికా అంతటా చాలావరకు ప్రైవేటు కంపెనీలకు తన కోశాన్ని అమ్మబోనని ఒప్పుకుంది.

అలాంటి చట్టం ఎక్కువ కాలం చెక్కుచెదరకుండా ఉండనిచ్చేవారు తక్కువ. 2023లో ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రతి స్కాన్‌నూ వేరు ఉల్లంఘనగా లెక్కించవచ్చని చెప్పాక, వ్యాపార సంస్థల అభ్యంతరాల నడుమ, 2024 ఆగస్టులో రాష్ట్రం చట్టాన్ని సవరించింది. ఎన్నిసార్లు స్కాన్ చేసినా ఇప్పుడు ఒక మనిషికి ఒక్క పరిహారమే. ముందుగా సమ్మతి తీసుకోవాలన్న నిబంధన, పౌరుడు నేరుగా కోర్టుకెళ్లే హక్కు మాత్రం ఇప్పటికీ అలాగే ఉన్నాయి.