వారం మధ్యలో ఏ ఇండీ షోకి వెళ్లాలి: అపోహలు - వాస్తవాలు

ఒకే బుధవారం రాత్రి మూడు ఇండీ షోలుంటే (పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా నడిచే బ్యాండ్ల షోలు) ఎవరైనా ముందు చూసేది బ్యాండ్ పేరే. మర్నాడు పొద్దున్నే పనికి వెళ్లాల్సిన రాత్రి మాత్రం పేరు చివర చూసుకోవచ్చు. మెయిన్ బ్యాండ్ ఎన్నింటికి స్టేజ్ ఎక్కుతుంది, హాలు ఎంత, ముందు ఎన్ని బ్యాండ్లు వాయిస్తున్నాయి అన్నవి తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే. సౌండ్, స్టేజ్ పనులు చేసేవాళ్లుగా మేం తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: టికెట్ మీద 7 అని ఉంటే 7కే పాట మొదలవుతుంది.

మామూలుగా అది తలుపులు తీసే సమయం. మొదటి బ్యాండ్ 8 ప్రాంతంలో ఎక్కి అరగంట వాయిస్తుంది. ఆ తర్వాత సామాను మార్చుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అంటే ముందు ఒక్క బ్యాండే ఉంటే మెయిన్ బ్యాండ్ 9కి ఎక్కి 10:15కి దిగిపోతుంది. పోస్టర్ మీద ఇంకో పేరు ఉందంటే మరో 50 నిమిషాలు కలుపుకోండి, 11 అవుతుంది. నిద్ర ముఖ్యమనుకుంటే రెండు పేర్ల పోస్టర్‌నే ఎంచుకోండి.

ఖచ్చితమైన సమయాలు చాలాసార్లు షో రోజునే హాలువాళ్ల పేజీలోనో బ్యాండ్ పేజీలోనో పెడతారు. కనిపించకపోతే ఫోన్ చేయండి. అయితే "షో ఎన్నింటికండీ?" అంటే మళ్లీ తలుపుల సమయమే చెబుతారు. "మెయిన్ బ్యాండ్ ఎన్నింటికి ఎక్కుతుంది, ఎన్నింటికల్లా ఆపేయాలి?" అని అడగండి. రెండో ప్రశ్నే అసలైంది. ఆపాల్సిన సమయం గట్టిగా ఉన్న హాల్లో ఆలస్యమైతే పాటలు తగ్గుతాయి, మీ చివరి బస్సు తప్పిపోదు. గడువు లేని చోట ఆలస్యమంతా మీ నిద్రలోంచే పోతుంది. అదే హాల్లో తర్వాత డీజే నైట్ ఉందంటే మరీ మంచిది, బ్యాండ్‌ని పెందలాడే దింపేస్తారు.

అపోహ: హాలు ఎంత చిన్నదైతే పాట అంత స్పష్టంగా వినిపిస్తుంది.

బ్యాండ్ దగ్గరగా కనిపిస్తుంది, నిజమే. మాటలు వినిపిస్తాయా అన్నది డ్రమ్మర్ చేతిలో ఉంటుంది. గట్టిగా కొట్టే డ్రమ్మర్ చిన్న గదిలో మైకు లేకుండానే 100 డెసిబెల్స్ దాటించగలడు. దాన్ని తగ్గించే మీట మిక్సర్ మీద ఎక్కడా ఉండదు. గొంతునే దానికి పైకి ఎత్తాలి. ఎత్తితే అదే మైకులోకి సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి పళ్లేలు) మోత కూడా దూరుతుంది, ఇంకాస్త ఎత్తితే మైకు కూత పెడుతుంది. మెత్తటి గొంతు, బలమైన డ్రమ్మర్, తక్కువ ఎత్తు కప్పు మూడూ కలిసిన చోట ఎంత మంచి సౌండ్ ఇంజనీరైనా చేయగలిగింది కొంతే.

కాబట్టి సాహిత్యం కోసం వెళ్లే బ్యాండ్ అయితే, ప్రేక్షకులు ఫోన్‌లో తీసిన వీడియో ఒకటి చూడండి. అధికారిక వీడియోలో ధ్వని విడిగా మిక్స్ చేసి ఉంటుంది, దాన్నిబట్టి ఏమీ తెలియదు. డ్రమ్మర్ మామూలు కర్రలతో వాయిస్తున్నాడా, బ్రష్‌లతోనా, ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ మీదా? సింగర్ పెదాలు మైకుకు ఆనుకుని ఉన్నాయా, జానెడు దూరంలో ఉన్నాయా? పేరున్న మైకులు వాడుతున్నారా అన్నదానికంటే ఈ రెండూ ఎక్కువ చెబుతాయి: బ్రష్‌లో ప్యాడ్సో, మైకుకు ఆనుకున్న పెదాలో కనిపిస్తే మాటలు వినిపించే అవకాశం ఎక్కువ.

నిలబడే చోటు కూడా లెక్కే. మొదటి వరుసలో గిటార్ యాంప్‌లు, డ్రమ్స్ నేరుగా తగులుతాయి. గొంతు వచ్చే స్పీకర్లేమో మీకు రెండు పక్కలా ఉంటాయి. మూలల్లో, వెనక గోడ దగ్గర బేస్ (కింది స్వరాలు) పోగుపడి బొయ్యిమంటుంది. మిక్సర్ బల్లకు నాలుగడుగులు ముందు, మధ్యలో నిలబడితే ఇంజనీరు వినేదే మీరూ వింటారు. వారం మధ్యలో హాలు చాలాసార్లు సగమే నిండుతుంది. జనం ఒళ్లు పీల్చుకోవాల్సిన ధ్వని గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది కాబట్టి ఖాళీగా ఉన్న రోజు ఇంకాస్త ముందుకు జరగండి.

అపోహ: మొదటి బ్యాండ్‌కే సౌండ్ బాగోలేదంటే ఆ రాత్రంతా అంతే.

సౌండ్‌చెక్ (షోకి ముందు సౌండ్ సరిచూసుకోవడం) సాధారణంగా వెనక నుంచి ముందుకు జరుగుతుంది. మెయిన్ బ్యాండ్‌కి ముందు చేసి, మొదట వాయించేవాళ్లకు చివర చేస్తారు, వాళ్ల సామాను అలాగే స్టేజ్ మీద ఉండిపోతుందని. మధ్యాహ్నం ఏ కాస్త ఆలస్యమైనా కోత పడేది వాళ్ల సమయానికే. అందుకే వాళ్ల మొదటి పాటే చాలాసార్లు అసలు చెక్. మూడో పాట దాకా ఆగండి. అప్పటికీ గొంతు వినబడకపోతే ముందు చోటు మారి చూడండి.

అపోహ: ఎక్కువ మంది స్ట్రీమ్ చేసే బ్యాండే మంచి షో ఇస్తుంది.

ఒక్క పాట ఏదో ప్లేలిస్ట్‌లో పడితే ఆ అంకె పెరిగిపోతుంది. దానికన్నా సెట్‌లిస్ట్.ఎఫ్ఎంలో (ఏ షోలో ఏ పాటలు వాయించారో అభిమానులు రాసిపెట్టే సైట్) అదే టూర్‌లోని గత రెండు మూడు షోలు చూడండి. పాటల సంఖ్యను నాలుగుతో గుణిస్తే దాదాపుగా నిమిషాలు వస్తాయి. ఒకే ఆల్బమ్ ఉన్న బ్యాండ్ దగ్గర సాధారణంగా 45 నిమిషాల సరుకు మించి ఉండదు, పనిరోజు రాత్రికి అది వరమే. కొత్త ఆల్బమ్ టూర్ అయితే వాయించేవాటిలో ఎక్కువ దానిలోవే. పాత పాటల కోసమే వెళ్దామనుకుంటే ఆ షో వదిలేయడం మేలు.

అపోహ: 'సోల్డ్ అవుట్' అంటే ఇక లేనట్టే.

బ్యాండ్ అతిథులకు, సిబ్బందికి పక్కన పెట్టిన టికెట్లు మిగిలితే షో రోజున అమ్మకానికి వదలడం మామూలే. ఆ మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి హాలువాళ్ల సైట్ చూడండి.

అపోహ: చిన్న హాలే కదా, చెవులకేం కాదు.

పనిచోట ఆరోగ్యం, భద్రత చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో చెవులకు రోజుకు తగిన గరిష్ఠ సమయం 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకు పెట్టిన పరిమితి కూడా 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్. చెవుల్లో పెట్టుకునే స్పాంజి ప్లగ్‌లు పై స్వరాలను ఎక్కువ తగ్గిస్తాయి, మాటలు ముద్దగా వినిపిస్తాయి. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్‌లు అన్ని స్వరాలనూ ఇంచుమించు సమంగా తగ్గిస్తాయి. స్పాంజివే దొరికితే సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టండి. సగం బయటికి వేలాడే ప్లగ్ పెద్దగా కాపాడదు.

అపోహ: మధ్యలో వెళ్లిపోతే బ్యాండ్‌ని అవమానించినట్టు.

పాటకూ పాటకూ మధ్య, పక్క గోడ వెంబడి వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు. వెళ్లక తప్పదని ముందే తెలిస్తే మొదటి నుంచీ తలుపు వైపే నిలబడండి. టీషర్టో రికార్డో కొనాలంటే సామాను మార్చే విరామంలోనే కొనేయండి, షో అయ్యాక ఆ బల్ల దగ్గర వరుస కదలదు. బ్యాగ్ కౌంటర్‌లో పెట్టినవాళ్లు చివరి పాట మొదలవగానే తీసేసుకుంటే ఓ పావుగంట మిగులుతుంది.